ఇంటిపేరు రాయని చిట్టా

మారిషస్ నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు ఒకాయన్ని వెంటబెట్టుకుని రెండేళ్ళ కిందట ఎలమంచిలి చుట్టుపక్కల మూడు ఊళ్ళు తిరిగాను. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం. ముత్తాత ఫొటో, ఒక నంబరు, ఓడ పేరు, దిగిన తేదీ, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఎడమ కాలి పిక్క మీద మచ్చ. జిల్లా వైజాగపటం, పరగణా సర్వసిద్ధి, ఊరు 'రాచపిల్లీ'. మా ముత్తాత గురించి ఇందులో సగం కూడా నాకు తెలీదు. రెండో ఊళ్ళో రామకోవెల అరుగు మీద కూర్చున్న ముసలాయన కాగితం కేసి చూడనైనా చూడకుండా ఒకటే అడిగాడు: "ఇంటిపేరేటి బాబూ?"

మాస్టారికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆయన పాస్‌పోర్టు మీద ఇంటిపేరు ఉంది. కాని అది ఆ ఫొటోలోని మనిషికి తండ్రి పేరు. దీవిలో దిగాక ఒకటి రెండు తరాల్లో అదే వంశం పేరుగా స్థిరపడిపోయింది. ముసలాయన అడిగిన ఇంటిపేరు ఆ కాగితంలో లేదు. అసలు ఆ చిట్టాల్లో అలాంటి గడే లేదు.

వలస వెళ్ళిన తెలుగువాళ్ళ మూలాలు వెతికే పనికి చిక్కుముడి ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది. సముద్రానికి అవతల నంబరు, మచ్చ, ఓడ పేరు భద్రంగా ఉన్నాయి. ఇవతల ఇంటిపేరు, గోత్రం, ఇలవేలుపు జ్ఞాపకంలో ఉన్నాయి. రెంటికీ ఉమ్మడిగా మిగిలింది ఊరి పేరొక్కటే. దాన్నేమో గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు.

బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1833లో చట్టం చేసింది. చెరకు తోటలకు కొత్త చేతులు కావలసి వచ్చాయి. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీలను మారిషస్‌లోని పోర్ట్ లూయీలో దింపింది. అప్పటి నుంచి 20వ శతాబ్దం మొదటి దశకం దాకా ఆ ఒక్క దీవికే సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. కథ కలకత్తాలో మొదలైందని పుస్తకాలు రాస్తాయి గాని, అంతకు ఐదారేళ్ళ ముందే, 1828-29లో, ఫ్రెంచివాళ్ళు యానాం నుంచి తెలుగు కూలీలను రీయూనియన్ దీవికి ఎక్కించారు. ఆ కాగితాల్లో మనవాళ్ళు 'తెలింగా'లు. కోరంగి రేవు నుంచి పోయినవాళ్ళు 'కోరింగీ'లు. ఇంగ్లిష్ దొరల రాతల్లో 'జెంటూ'లు. ఒకే భాషవాళ్ళకు మూడు పేర్లు. వెతికేవాళ్ళు ముందు ఈ మూడూ ఒకటేనని తెలుసుకోవాలి.

ఎందుకు వెళ్ళారన్నది పెద్ద ప్రశ్న. 1832-33 నాటి నందన కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచేసిన తుపాను, 1876-78 నాటి ధాత కరువు ఈ కథకు నేపథ్యం. కరువు వచ్చినప్పుడల్లా, ఓడెక్కేముందు కూలీలను ఉంచే డిపోలు నిండేవి. అయితే కరువు లేని ఏడాది కూడా ఓడలు ఖాళీగా పోలేదు. అప్పులు, జమీందారీ శిస్తులు, ఇంట్లో తగాదాలు, కూలీలను కుదిర్చే మేస్త్రీ తీపి మాటలు ఉండనే ఉన్నాయి. చిట్టాలో 'ఎందుకు' అన్న గడి లేదు కనక, ఈ ప్రశ్నకు ఏ ఒక్క మనిషి విషయంలోనూ కాగితం జవాబు చెప్పదు.

ఇక ఎక్కడ ఏమున్నాయో చూద్దాం.

అన్నిటికంటే కలిగినది మారిషస్. వలస చిట్టాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. 1860ల నుంచి ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ ఫొటోలు మన మీద ప్రేమతో తీసినవి కావు. ఒప్పందం ముగిసినా తోటలో పనిచెయ్యకుండా తిరిగేవాణ్ణి పట్టుకోడానికి 1867లో ఒక కార్మిక చట్టం తెచ్చారు. ప్రతివాడూ తన ఫొటో ఉన్న టికెట్టు జేబులో పెట్టుకు తిరగాలి. ఎత్తు, మచ్చల గడులూ అందుకే. పారిపోయినవాణ్ణి పోలీసు గుర్తుపట్టడానికి ఏవి కావాలో అవన్నీ రాశారు; చుట్టాలు గుర్తుపట్టడానికి కావలసింది రాయలేదు. ఇప్పుడు అవే ఫొటోలను వారసులు పెద్దవి చేయించి, దండలు వేసి, హాల్లో గోడకు పెట్టుకుంటున్నారు. పోర్ట్ లూయీలో కూలీలు దిగిన మెట్లున్న చోటును, ఇప్పటి అప్రవాసీ ఘాట్‌ను, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారసులు అక్కడ ఎలా వెతుకుతారంటే, ముందు తన జనన పత్రం, తండ్రిది, తాతది, ముత్తాతది, పెళ్ళి పత్రాలతో సహా గొలుసులా పేర్చుకుంటూ పోవాలి. ఆ గొలుసులో ఎక్కడో ఒక చోట పేరు పక్కన నంబరు కనిపిస్తుంది. నంబరు దొరికిందా, సగం పని అయిపోయినట్టే.

నంబరు మహిమ దక్షిణాఫ్రికాలో ఇంకా బాగా తెలుస్తుంది. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. 1911లో ఈ వలస ఆగేనాటికి నటాల్‌లో దిగినవాళ్ళు 1,52,184 మంది. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. ఓడకో జాబితా ఉంది. వలస నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, ఏ యజమాని దగ్గర పెట్టారు అన్నీ ఉన్నాయి. ఈ జాబితాలను కంప్యూటరుకెక్కించారు కూడా. ఆ నంబరు మనిషిని చచ్చేదాకా వదల్లేదు. పెళ్ళి నమోదు, పిల్లల పుట్టుక, చావు, ఆస్తి పంపకం, అధికారికి పెట్టుకున్న అర్జీ, అన్నిటి మీదా అదే. పీటర్మారిట్జ్‌బర్గ్, డర్బన్ ప్రభుత్వ పత్రాగారాల్లో వలస శాఖ ఫైళ్ళున్నాయి. యజమాని కొట్టాడనో, రేషను తక్కువిచ్చాడనో ఒక కూలీ ఫిర్యాదు చేసి ఉంటే, అతని మాట అనువాదంలోనైనా మనకు వినిపిస్తుంది. ఓడ జాబితా మనిషిని చూపిస్తుంది, ఫిర్యాదు ఫైలు మాట్లాడిస్తుంది. చాలామంది జాబితా దగ్గరే ఆగిపోతారు. అక్కడ ఆగకూడదని నా గట్టి సలహా.

నటాల్ పెళ్ళిళ్ళ విషయంలో ఒక చిక్కుంది. మన పద్ధతిలో జరిగిన పెళ్ళి నమోదు కాకపోతే సర్కారు లెక్కలో పెళ్ళి కానట్టే. 1913లో జడ్జి సెర్ల్ ఇచ్చిన తీర్పు క్రైస్తవేతర పెళ్ళిళ్ళ మీదే వేటు వేసింది. ఆ తీర్పు గాంధీగారి సత్యాగ్రహానికి ఆడవాళ్ళు కదిలి రావడానికి ఒక కారణమైంది. 1914 చట్టంతో గాని ఆ చిక్కు కొంత తెమల్లేదు. అందుచేత పాత జనన పత్రంలో తండ్రి గడి ఖాళీగా ఉంటే ముత్తవ్వను అనుమానించనక్కర్లేదు.

ఫిజీకి మనవాళ్ళు ఆలస్యంగా వెళ్ళారు. 1879లో 'లియోనిడాస్' కలకత్తా నుంచి బయల్దేరితే, మద్రాసు నుంచి మొదటి ఓడ వెళ్ళింది 1903లో. 1916 దాకా వెళ్ళిన 60 వేల పైచిలుకు మందిలో మద్రాసు రేవువాళ్ళు సుమారు 15 వేలు. ఒక్కొక్కరికీ ఒక్కో ఎమిగ్రేషన్ పాసు, ఒక్కో పేజీ. అగ్రిమెంటు అన్న మాట నోట్లో నలిగి 'గిర్మిట్' అయింది, వెళ్ళినవాళ్ళు గిర్మిటియాలయ్యారు. చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఆ పాసులను కంప్యూటరుతో లెక్కగట్టి 1983లో పుస్తకం వేశారు. ఇలాంటి పని చేసినవాళ్ళలో ఆయన మార్గదర్శి. కాని ఆయన లెక్కగట్టింది కలకత్తా నుంచి పోయిన 45 వేల చిల్లర పాసులే. దక్షిణాదివి పక్కనే ఉండిపోయాయి. ఫిజీలో తమిళుడైనా, తెలుగువాడైనా, మలయాళీ అయినా అందరూ 'మద్రాసీ'లే. ఆ ముద్ర కింద మన ముత్తాతలు రెండుసార్లు మాయమయ్యారు, వీధిలో ఒకసారి, పుస్తకంలో ఒకసారి. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాల గిర్మిట్ పత్రాలను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

రీయూనియన్ సంగతి వేరు. అక్కడి దస్తావేజులు ఫ్రెంచిలో ఉంటాయి, దక్షిణాదివాళ్ళందరినీ 'మలబారు'లనే అంటారు. ఫ్రెంచివాళ్ళ పుట్టుక, పెళ్ళి, చావు రిజిస్టర్లు శ్రద్ధగా రాసినవి; ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని వలస రాజ్యాల పత్రాగారం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది.

ఇన్ని చెప్పి బర్మా దగ్గరికి వస్తే చేతులు ఖాళీ. ఉత్తరాంధ్రలో ఏ ఊరికి వెళ్ళినా మారిషస్ అంటే మొహాలు చూసుకుంటారు. 'రంగం' అంటే మాత్రం ప్రతి ఇంటికీ ఒక కథ ఉంటుంది. రంగూన్ మనవాళ్ళ నోట్లో రంగం. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కితే కొద్ది రోజుల్లో రంగంలో దిగవచ్చు. ఒప్పందం లేదు, పాసు లేదు, ఫొటో లేదు. మేస్త్రీ టికెట్టు కొన్నాడు, డెక్కు మీద పడుకుని వెళ్ళారు. బర్మా 1937 దాకా ఇండియాలో భాగమే కాబట్టి సరిహద్దూ లేదు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళూ, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళూ ఎక్కువగా తెలుగువాళ్ళు. బర్మావాళ్ళు వాళ్ళని పిలిచిన పేరు కోరింగీలే, కోరంగి రేవు ఇసుక మేటలేసి పాడుపడ్డాక కూడా. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె ముగిసి, బదులుగా పెట్టుకున్న బర్మా కూలీలను తీసేసినప్పుడు రంగూన్‌లో జరిగిన మారణకాండలో చచ్చినవాళ్ళు వీళ్ళే. వాళ్ళ పేర్లున్న ఓడ జాబితా ఏ పత్రాగారంలోనూ వారసుల కోసం ఎదురుచూస్తూ లేదు.

ఎక్కువమంది వెళ్ళిన చోటే తక్కువ రాత ఉంది. తోటల యజమానికి ఐదేళ్ళ బందీ కావాలి కాబట్టి రాసుకున్నాడు. రేవు మేస్త్రీకి ఆ అవసరం లేదు, అప్పు పుస్తకం చాలు. కంగాణీలనే మేస్త్రీల వెంట మలయా రబ్బరు తోటలకు పోయినవాళ్ళదీ కొంతవరకు ఇదే స్థితి.

బర్మా విషయంలో వెతకాల్సింది వెళ్ళిన కాగితాలను కాదు, తిరిగొచ్చిన కాగితాలను. 1942లో జపాన్ బాంబులకు అరకాను కొండల మీదుగా, మణిపూర్ మీదుగా నడిచొచ్చినవాళ్ళు. స్వతంత్ర బర్మాలో విదేశీయుల నమోదు పత్రాలు తీసుకున్నవాళ్ళు. 1964 తర్వాత నె విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక ఓడలెక్కి వచ్చినవాళ్ళు. ఈ చివరివాళ్ళకు మన సర్కారు కాందిశీకులని పేరుపెట్టి కార్డులిచ్చింది, స్థలాలిచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అందుకే బర్మా క్యాంపు. ఆ ఇళ్ళలో రేకుపెట్టెల అడుగున ఇప్పటికీ బర్మా లిపి అచ్చయిన పత్రాలు ఉన్నాయి. చెదలు పట్టకముందే ఎవరైనా ఫొటోలు తీస్తే బాగుణ్ణు. తెలుగువాళ్ళ బర్మా వలస మీద చరిత్రకారులు అడపా సత్యనారాయణ గారు చేసిన పని ఉంది. కాని చరిత్రకారుడికి సమూహం కనిపిస్తే చాలు, మనవడికి ఒక్క మనిషి కావాలి.

ఇప్పుడు మళ్ళీ 'రాచపిల్లీ' దగ్గరికి. డిపోలో పేరు చెప్పింది తెలుగువాడు. విన్నది బహుశా తమిళ గుమాస్తా. రాసింది ఇంగ్లిష్‌లో. దీవిలో దిగాక ఫ్రెంచి ఉచ్చారణ అలవాటున్న ఇంకొక గుమాస్తా తిరగరాశాడు. నాలుగు నోళ్ళ మీదుగా పోయిన పేరు నలగకుండా ఉంటుందా? తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకు ఒకటే అక్షరం. కాబట్టి గంగయ్య కంగయ్య కావచ్చు. 'డు' చివరనున్న పేర్లు 'డూ' అయ్యాయి. అప్పడు 'అప్పాడూ', రాముడు 'రామ్‌డూ', నాయుడు 'నాయిడూ'. సన్యాసి 'సునాసీ' అయ్యాడు. ఇవాళ పోర్ట్ లూయీ వీధుల్లో ఇవి వంశనామాలు. వాళ్ళ ముత్తాతను వాళ్ళమ్మ "ఒరే అప్పడూ" అని పిలిచిన పిలుపు అది. సంబోధన మొత్తంగా ఇంటిపేరైపోయిందన్నమాట.

నా అనుభవంలో ఊరి పేరు కంటే మనిషి పేరే మంచి ఆధారం. తెలుగు కూలినాలి జనం పిల్లలకు ఊరి దేవుడి పేరు పెట్టేవాళ్ళు. ఆ దేవుళ్ళు ఊరు దాటి అట్టే దూరం పోరు. అప్పలస్వామి, అప్పలనర్సమ్మ, సింహాద్రి అంటే సింహాచలం కొండ కనిపించే మేర. నూకయ్య, నూకాలు అంటే అనకాపల్లి నూకాలమ్మ. పైడయ్య, పైడితల్లి అంటే విజయనగరం. కోటయ్య, కోటమ్మ అంటే కోటప్పకొండ, నరసరావుపేట వైపు. మాలకొండయ్య అంటే కందుకూరు వైపు. పెంచలయ్య అంటే నెల్లూరు, పెంచలకోన. తండ్రి కొడుకులిద్దరి పేర్లూ ఒకే దేవుడి మేరలోవైతే, జిల్లా గడి చెరిగిపోయినా దిక్కు తెలిసినట్టే. మారిషస్ తెలుగువాళ్ళు ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. అమ్మవారు అనరు, అమ్మోరే. ఆ 'ఓ'కారం ఒక్కటే చాలు, ఎటువైపు మనుషులో చెప్పడానికి. ఇవి ఏ చిట్టాకీ ఎక్కని సాక్ష్యాలు. వెతికేవాళ్ళు వీటిని ఆచారాలని పక్కన పెట్టి కాగితాల వెంట పరిగెడతారు.

జిల్లా పేరు సరిగ్గా చదివినా తప్పుదారి పట్టవచ్చు. చిట్టాలో నార్త్ ఆర్కాట్ అని ఉంటే వెల్లూరు బస్సెక్కకూడదు. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, అంతకుముందు చంద్రగిరి, పలమనేరు, కాళహస్తి అన్నీ నార్త్ ఆర్కాటే. గుంటూరు జిల్లా 1904లో వచ్చింది. ఆనాడే ఒంగోలు తాలూకా నెల్లూరు నుంచి అటు పోయింది. గంజాం అని ఉంటే ఒరిస్సా అనుకుంటారు. కాని చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక ఆ ముక్క విశాఖ జిల్లాలో కలిసింది, 1950లో విడి జిల్లా అయింది. సర్వసిద్ధి తాలూకా అన్నది ఇప్పుడు పటంలోనే లేదు. దాని ముఖ్యపట్టణం ఎలమంచిలి, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఇక మద్రాసులో ఓడెక్కాడు కనక ముత్తాత మద్రాసువాడే అనుకునేవాళ్ళు డర్బన్‌లో కోకొల్లలు. పేరు చివర నాయుడు ఉంది కాబట్టి ఫలానా కులమే అనుకునేవాళ్ళు అంతకంటే ఎక్కువ. నాయుడన్నది బిరుదు. సముద్రం దాటితే బిరుదు ఎవరైనా పెట్టుకోవచ్చు, పెట్టుకున్నారు కూడా. చిట్టాలో కులం గడి చదివి, ఇంట్లో చెప్పుకుంటున్న కులం అది కాదని తెలిసి, ఫైలు మూసేసి వెళ్ళిపోయినవాళ్ళున్నారని మాస్టారు నవ్వుతూ చెప్పారు. ఓడలో పేరు మార్చుకున్నవాడి మీద నాకు కోపం రాదు. చాలామంది సముద్రం దాటింది అందుకే కావచ్చు.

ఆడవాళ్ళ ఆచూకీ మరింత కష్టం. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళుండాలని నియమం. ఆ లెక్క నింపడానికి డిపోల్లో ఏర్పడిన జంటలూ ఉన్నాయి. 'ఫలానా నంబరు భార్య' అని ఉంటే అది ఊళ్ళో పెళ్ళో, డిపోలో కూడిన జతో తెలీదు. గయానా సంతతికి చెందిన గాయూత్రా బహదూర్ 1903లో కలకత్తా నుంచి ఒంటరిగా వెళ్ళిన తన ముత్తవ్వ కోసం వెతుకుతూ 2013లో ఒక పుస్తకం రాశారు. ఈ మొత్తం సాహిత్యంలో నన్ను బాగా పట్టుకున్నది అదే. ఆమెకు జవాబులు తక్కువ దొరికాయి, ఆ దొరకనితనాన్నే ఆమె రాశారు. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1974లో ఈ ఒప్పంద కూలీ విధానాన్ని కొత్త బానిసత్వమన్నాడు. తర్వాతివాళ్ళు కూలీలు అంత నిస్సహాయులు కారని వాదించారు. ఓడ జాబితాల ఆధారంగా సురేంద్ర భానా 1991లో నటాల్ వలసలను లెక్కగట్టారు. తెలుగు ముత్తవ్వ కోసం ఒక తెలుగమ్మాయి రాసిన పుస్తకం ఇంకా నా కంటపడలేదు.

మన వైపు కాగితాల సంగతి. జనాభా లెక్కలు 1871 నుంచి ఉన్నాయి కదా అంటారు. మొత్తాలే మిగిల్చారు గాని ఇంటింటి పేర్లు దాచలేదు. జనన మరణాల నమోదుకు మద్రాసు రాష్ట్రంలో 1899లో చట్టం వచ్చింది, అప్పటికి సగం ఓడలు వెళ్ళిపోయాయి. ఇక భూమి రికార్డులు. రైతువారీ ప్రాంతంలోనైతే సర్వే సెటిల్మెంటు రిజిస్టర్లున్నాయి. డైగ్లాట్ అనే ఆ రిజిస్టరు తీస్తే సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు తెలుస్తుంది. కాని వలస ఎక్కువ జరిగిన గంజాం, విశాఖ జిల్లాలు చాలావరకు జమీందారీలు. 1802 శాశ్వత సెటిల్మెంటు కింద విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటివి. అక్కడ రైతు పేరు సర్కారుకు అక్కర్లేదు, జమీందారు కట్టే పేష్కష్ చాలు. రైతుల పేర్లు సర్కారు రికార్డుకెక్కింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. పైగా ఓడెక్కినవాడికి సెంటు భూమి ఉంటే ఎందుకెక్కుతాడు? ఊరి లెక్కలు కరణం ఇంట్లో ఉండేవి. 1984లో కరణాల పదవులు పోయాయి, వాళ్ళ దస్త్రాలు కొన్ని కచేరీకి చేరాయి, కొన్ని అటక మీదే ఉండిపోయాయి. ఒక కచేరీలో పాత రిజిస్టరు చూపించమని మేం అక్కడి గుమాస్తాను అడిగితే "ఏ సర్వే నంబరు?" అన్నారు. సర్వే నంబరు లేని ముత్తాతను వెతకడానికి వాళ్ళ దగ్గర పద్ధతి లేదు. అందులో ఆ గుమాస్తా తప్పేమీ లేదు.

రాత ఉన్న చోటు ఒకటుంది, మిషన్ చర్చి. ధాత కరువు చివర్లో, 1878లో, ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో వేలమంది బాప్తిస్మం పుచ్చుకున్నారు, ఒక్కరోజే 2,222 మంది. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి నటాల్ వెళ్ళినవాళ్ళలో ఈ క్రైస్తవులూ ఉన్నారు. వాళ్ళ కోసమే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య అనే బోధకుణ్ణి 1903లో నటాల్ పంపారు. సంఘాల రిజిస్టర్లు రెండు తీరాల్లోనూ ఉన్న అరుదైన సందర్భం ఇది.

రాతలో లేనిది నోట్లో ఉంది. పిచ్చికుంట్లవారు కాపుల, గొల్లల ఇంటిపేర్లు, గోత్రాలు వల్లించేవారు. భట్రాజులు దొరల వంశాలు చెప్పేవారు. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు సాధనాశూరులు ఉన్నారు. ఏటా కల్లాల మీదికి వచ్చి, ఎవరి కొడుకు ఎవరు, ఏ శాఖ ఏ ఊరు పోయింది చెప్పి గింజలు పట్టుకెళ్ళేవారు. ఎవరింట్లో ఒకడు 'దీవులకు' పోయి రాలేదో వాళ్ళ పాటలో ఉండి ఉండవచ్చు. వాళ్ళ పిల్లలిప్పుడు ఆటోలు నడుపుతున్నారు. జానపద కళ అని వీడియోలు తీసినవాళ్ళున్నారు గాని, వంశాల కోశమని కూర్చోబెట్టి రాసుకున్నవాళ్ళు తక్కువ.

డీఎన్ఏ పరీక్షలు చేయించుకుంటే సరిపోదా అని కుర్రవాళ్ళు అడుగుతారు. ఎంగిలి సీసాలో ఊసి పంపితే దక్షిణ భారతమని వస్తుంది. ఆ సంగతి అద్దం చెబుతుంది. చుట్టరికాలు కలుస్తాయి గాని డర్బన్‌వాళ్ళకు డర్బన్‌లోనే కలుస్తాయి. ఎలమంచిలిలో కూలి చేసుకునేవాళ్ళెవరూ ఆ పరీక్ష చేయించుకోలేదు కదా.

కేంద్ర ప్రభుత్వం 2008లో మూలాలు వెతికిపెట్టే పథకం ఒకటి తెచ్చింది. దరఖాస్తుకు అప్పుడు 30,000 రూపాయలు కట్టాలన్నారు. దొరక్కపోతే 20,000 వాపసు. ఈ మధ్య వారసుల తొందర పెరగడానికి ఇంకో కారణం, విదేశాల్లోని భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు. 2024లో రాష్ట్రపతి ముర్ము మారిషస్ వెళ్ళినప్పుడు ఏడో తరం దాకా అర్హత ఇస్తున్నట్టు ప్రకటించారు. దానికి అవతలి కాగితం చాలు, ఇవతలి ఊరు దొరకనక్కర్లేదు. మాస్టారికి కార్డు గొడవ లేదు. "మా పెద్దాయన ఇంటి గుమ్మం ఎటువైపు ఉండేదో చూద్దామనీ" అన్నారు, క్రియోల్ యాస తగిలిన తెలుగులో.

మూడు ఊళ్ళలోనూ గుమ్మం దొరకలేదు. రాచపల్లి అన్న పేరున్నవి ఆ చుట్టుపక్కల ఒకటి కంటే ఎక్కువ. మాస్టారు ఫొటో ఒకటి ఆ అరుగు మీది ముసలాయనకిచ్చి వెళ్ళిపోయారు.

మొన్న మాఘమాసంలో ఆయన దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. వాళ్ళ మేనత్తకు తొంభై దాటాయి. అమ్మోరు పండుగలో కుండ దింపేటప్పుడు ఆవిడ ఒక మాట అంటుందట, వాళ్ళమ్మ అనేది కాబట్టి. ఇంట్లోవాళ్ళు అది నైవేద్యం పేరనుకున్నారు. 'కర్రీ' అని వినిపించి, ఏటా తప్పకుండా ఒక కూర కూడా వండి పెడుతున్నారు. ఆవిడ చేత అనిపించి రికార్డు చేసి పంపారు. నేను నాలుగైదుసార్లు విన్నాను. "కర్రోరి మొక్కు తల్లీ." కర్రివారి మొక్కు. ఇంటిపేరు.

రామకోవెల ముసలాయన మనవడి నంబరు నా దగ్గరుంది. చేసి, ఫోను తాతకిమ్మన్నాను. ఫొటో మనిషి కర్రోరట అని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఏ కర్రోరు బాబూ? మెట్ట కర్రోరా, పల్లపు కర్రోరా?"

మాస్టారికి ఇంకా చెప్పలేదు.